మణికట్టు నొప్పికి లెక్క లేదా? ట్రాక్‌బాల్ గురించి మన గ్రూపుకు ఒక మాట



పోస్టు కొంచెం పెద్దది. జర ఓపికగా చదవండి. ముఖ్యంగా రోజుకు ఎనిమిది గంటలు కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు తప్పకుండా చదవండి.

మన గ్రూపులో ఏ లాప్‌టాప్ కొనాలి, ఏ కోచింగ్ మంచిది, ఏ నోటిఫికేషన్ పడింది అని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. చెయ్యి గురించి మాత్రం ఎవరూ అందరి ముందు అడగరు. నొప్పి ముదిరాక విడిగా మెసేజ్ పెడతారు. "అన్నా, కుడిచెయ్యి తిమ్మిరెక్కుతోంది, రాత్రి నిద్ర పట్టట్లేదు, జాబ్ మానేసి ఊరికి పోదామనుకుంటున్న" అని. ఇట్లాంటి మెసేజ్‌లు మాకు ఒకటి రెండు కాదు, చాలానే వచ్చాయి. డిగ్రీ దాకా చదివి, ఉప్పల్‌లో రూమ్ తీసుకుని, మొదటి జీతం ఇంటికి పంపిన పిల్లలు రెండేళ్లు తిరక్కుండానే చెయ్యి పట్టుకుని వెనక్కి పోతున్నారు. ఊర్లో అడిగితే "పని కుదరలేదు" అంటారు. మౌస్ పట్టుకుంటే చెయ్యి నొచ్చిందని చెబితే నవ్వుతారేమోనని భయం. నాగలి పట్టిన నాన్న ముందు ఆ మాట ఎట్లా చెప్పాలి? అందుకే దీన్ని ఇక్కడ అందరి ముందే రాస్తున్నాం.

మా మాట ముందే చెప్పేస్తాం. మౌస్ పని మీద బతికేవాళ్లు పరికరాన్ని కొన్న రోజు ధరతో కొలవొద్దు. అది ఎన్నేళ్లు పనిచేస్తుంది, ఆ ఏళ్లలో మన చెయ్యి ఎట్లా ఉంటుంది అనే లెక్క వేసుకోవాలి. ఆ లెక్కలో ట్రాక్‌బాల్ అనే పరికరం మనలో చాలామందికి పనికొస్తుంది. అందరికీ పనికిరాదు. ఎవరికి పనికొస్తుందో నెల రోజులు వాడితే తప్ప తెలియదు. ఒక్కొక్కరు కొని చూసుకునే స్తోమత మనకు లేదు. కాబట్టి గ్రూపుగా కొందాం, వంతులవారీగా వాడి తేల్చుకుందాం. ఇంకో మాట కూడా ఉంది. ఎంత మంచి పరికరం వచ్చినా, పని మధ్యలో చేతికి విశ్రాంతి అడగడం మానొద్దు.

ఇక ఒక్కొక్కటిగా చూద్దాం.

ఉప్పల్, నాచారంలో మనం చేసే పని

ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చే మనవాళ్లకు హైదరాబాద్ అంటే ముందు కనిపించేది ఉప్పల్. వరంగల్ రోడ్డు మీద వచ్చే బస్సు దిగేది ఇక్కడే. 2017 నవంబర్‌లో నాగోల్ నుంచి మెట్రో మొదలయ్యాక అమీర్‌పేట కోచింగ్‌కు పోవడం కూడా సులువైంది. అందుకే చిలకానగర్, రామంతాపూర్, బోడుప్పల్, నాచారం హెచ్‌ఎంటీ నగర్ గల్లీల్లో మన రూములు ఇన్ని ఉన్నాయి. ఒకవైపు ఉప్పల్, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలు. ఇంకోవైపు ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల శిక్షణ సంస్థ లాంటి పెద్ద సంస్థలు. వీటి మధ్యలో కాల్ సెంటర్లు, బీపీవోలు, చిన్న చిన్న డేటా ఎంట్రీ ఆఫీసులు.

మనవాళ్లకు మొదట దొరికే పని సాధారణంగా ఈ చివరి రకం ఆఫీసుల్లోనే. బిల్లులు ఎక్కించడం, ఇన్సూరెన్స్ కాగితాలు సరిచూడడం, ఫొటోల మీద గుర్తులు పెట్టడం, మ్యాపులు డిజిటైజ్ చేయడం. ఈ చివరిది తెలియనివాళ్ల కోసం చెబుతున్నాం. ఉపగ్రహం తీసిన ఫొటో తెర మీద ఉంటుంది. రోడ్డు, చెరువు, పొలం గట్టు వెంట చుక్క చుక్కగా క్లిక్ చేసుకుంటూ పోవాలి. ఒక చెరువు అంచుకు వంద క్లిక్‌లు పడొచ్చు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని కింద మన తెలంగాణలో 2023 జూన్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. ఆ హద్దులు కూడా చివరికి ఏదో ఒక మ్యాపు మీద గీతలే కదా. అట్లాంటి గీతలు గీసే చేతులు ఇప్పుడు మనవాళ్లవి కూడా.

ఈ పనిని మన పెద్దవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే తునికాకు లెక్క చెప్పండి. అక్కడ 50 ఆకులకు ఒక కట్ట, కట్టకు ఇంత అని పైసలు. ఇక్కడ రికార్డుకు ఇంత, గంటకు ఇన్ని అని టార్గెట్. వేళ్లు ఎంత వేగంగా కదిలితే అంత కూలి. ఒక్కటే తేడా. తునికాకు పని ఎండాకాలంలో కొద్ది వారాలే ఉంటుంది, తర్వాత చేతులు వేరే పనిలో పడతాయి. ఇక్కడ ఏడాది పొడవునా అదే వేలు, అదే మణికట్టు, అదే కదలిక. చేతికి సీజన్ అయిపోవడం అన్నదే ఉండదు.

ఇది మన ఊహ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో కండరాలు, ఎముకల జబ్బులకు ప్రత్యేక విభాగం ఉంది. పదేపదే ఒకే కదలిక వల్ల బొటనవేలి మొదట్లో వచ్చే వాపు, మణికట్టులో నరం నలిగే కార్పల్ టన్నెల్ జబ్బు రెండూ అందులో ఉన్నాయి. అంటే చెయ్యి నొప్పి బద్ధకం కాదు, నాజూకుతనం అంతకన్నా కాదు. పని వల్ల వచ్చే జబ్బు.

ట్రాక్‌బాల్ కొత్త ఫ్యాషన్ కాదు

మౌస్‌ను బల్ల మీద జరుపుతాం. ట్రాక్‌బాల్ జరగదు. అది ఉన్నచోటే ఉంటుంది. దాని పైన ఒక బంతి ఉంటుంది. వేళ్లతోనో బొటనవేలితోనో ఆ బంతిని దొర్లిస్తే తెర మీద బాణం కదులుతుంది. అంతే.

చూసినవాళ్లు ఇది గేములు ఆడేవాళ్ల వస్తువో, డబ్బున్నవాళ్ల షోకో అనుకుంటారు. దాని పుట్టుక చూస్తే అట్లా అనరు. రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన కాలంలో, 1946లో, బ్రిటన్ నౌకాదళం కోసం పనిచేస్తున్న రాల్ఫ్ బెంజమిన్ అనే ఇంజనీరు రాడార్ తెర మీద గుర్తును కదపడానికి బంతితో పరికరం తయారు చేశాడు. 1952లో కెనడా నౌకాదళం డేటార్ అనే ప్రాజెక్టులో ఇలాంటిదే చేసింది. అందులో బంతిగా వాడింది అక్కడివాళ్లు బౌలింగ్ ఆటలో దొర్లించే బంతినే. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను జనం ముందు చూపించింది 1968 డిసెంబర్ 9న. అంటే మౌస్ కన్నా ట్రాక్‌బాలే పెద్దది, వయసులో.

ఇప్పటికీ ఓడల రాడార్ల దగ్గర, విమానాల రాకపోకలు చూసే గదుల్లో, ఆసుపత్రి అల్ట్రాసౌండ్ మిషన్ల మీద ట్రాక్‌బాల్ ఉంటుంది. ఈసారి ఇంట్లో ఎవరినైనా స్కానింగ్‌కు తీసుకుపోతే మిషన్ కీబోర్డు మధ్యలో చూడండి, చిన్న బంతి కనిపిస్తుంది. డాక్టరు ఒక చేత్తో పేషెంటు మీద ప్రోబ్ పట్టుకుని, ఇంకో చేత్తో ఆ బంతి తిప్పుతూ కొలతలు తీసుకుంటారు. ఓడ ఊగుతున్నా, జాగా తక్కువున్నా, గంటల తరబడి వాడినా ఆగకుండా పనిచేయాల్సిన చోట దీన్ని పెట్టారు. మన అవసరం కూడా అదే కదా.

చేతికి ఏం మేలు, ఏం కాదు

మౌస్ వాడేటప్పుడు మనం రెండు పనులు చేస్తాం. ఒకటి, దాన్ని వేళ్లతో ఒత్తి పట్టుకుంటాం. రెండు, ముంజేయితో జరుపుతాం. మామూలు కీబోర్డుకు కుడివైపున అంకెల మీటలు ఉంటాయి కాబట్టి మౌస్ ఇంకా దూరం పోతుంది. చెయ్యి చాచి పట్టుకోవాలి. భుజం పైకి లేస్తుంది, మణికట్టు చిటికెనవేలు వైపు వంగుతుంది. రోజుకు ఎనిమిది గంటలు అట్లాగే.

ట్రాక్‌బాల్‌తో ఇందులో మూడు తగ్గుతాయి. చెయ్యి చాచడం తగ్గుతుంది, ఎందుకంటే దాన్ని దగ్గరగా పెట్టుకోవచ్చు. గట్టిగా పట్టుకోవడం తగ్గుతుంది, ఎందుకంటే పట్టుకోవాల్సిన పనే లేదు, చెయ్యి దాని మీద ఆనిస్తే చాలు. మణికట్టు పక్కకు వంగడం తగ్గుతుంది. మన రూముల్లో ఇంకో లాభం ఉంది. బల్ల లేకపోయినా నడుస్తుంది. చాప మీద కూర్చుని, మంచం మీద, ఒళ్లో పుస్తకం పెట్టుకుని దాని మీద కూడా వాడొచ్చు. నలుగురం ఉండే రూములో మౌస్ జరిపే జాగా ఎక్కడిది?

తగ్గనివి కూడా చెప్పాలి, లేకపోతే ఇది వ్యాపార ప్రకటన అవుతుంది.

క్లిక్‌లు తగ్గవు. మౌస్‌తో వంద క్లిక్‌లు పడే పనికి దీనితోనూ వందే పడతాయి. నొప్పి చూపుడువేలిలో, క్లిక్ చేసే దగ్గర ఉంటే బంతి వల్ల పెద్దగా మార్పు రాదు. మెడనొప్పి తెర ఎత్తును బట్టి, కుర్చీని బట్టి ఉంటుంది, దానికీ ఇది మందు కాదు. ఇంకొకటి ముఖ్యమైనది. ట్రాక్‌బాల్ మౌస్ కన్నా ఎత్తుగా ఉంటుంది. దాని మీద చెయ్యి పెడితే మణికట్టు వెనక్కి, అంటే పైకి వంగుతుంది. పక్కకు వంగడం తగ్గి పైకి వంగడం పెరిగితే ఒక బాధ పోయి ఇంకో బాధ వస్తుంది. కాబట్టి ముంజేయి, అరచెయ్యి ఒకే వరసలో ఉండేలా కుర్చీ ఎత్తు పెంచుకోవాలి, లేదా మణికట్టు ముందు మడత పెట్టిన మెత్తటి తువ్వాలు పెట్టుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

బొటనవేలా, నాలుగు వేళ్లా?

ట్రాక్‌బాల్‌లు రెండు రకాలు. మొదటి రకంలో బంతి పక్కన ఉంటుంది, బొటనవేలితో తిప్పాలి. చూడడానికి మౌస్ లాగే ఉంటుంది. 2020లో వచ్చిన లాజిటెక్ ఎర్గో ఎం575 ఈ రకమే, బంతి 34 మిల్లీమీటర్లు. రెండో రకంలో బంతి నడుమ ఉంటుంది, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలితో తిప్పాలి. కెన్సింగ్టన్ ఎక్స్‌పర్ట్ మౌస్ ఈ రకం, బంతి 55 మిల్లీమీటర్లు. అదే కంపెనీ ఆర్బిట్ బంతి 40 మిల్లీమీటర్లు.

షాపులో పట్టుకుని చూస్తే పదిమందిలో ఎక్కువమంది బొటనవేలి రకమే బాగుందంటారు. మౌస్ అలవాటుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఒక్క గంటలోనే చెయ్యి కుదురుకుంటుంది. నాలుగు వేళ్ల రకం మొదట్లో ఏదో పరాయి వస్తువులా ఉంటుంది. అసలు విషయం ఇక్కడే ఉంది. మొదటి గంట సుఖం వేరు, రెండో ఏడాది సుఖం వేరు. మొదటి రకంలో బాణాన్ని కదిపే బాధ్యత మొత్తం ఒక్క బొటనవేలి మీద పడుతుంది. ఆ వేలు రోజంతా ఫోన్ తెర మీద కూడా పనిచేస్తోంది. నెలలు గడిచాక బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి మొదలైతే ఆశ్చర్యం లేదు. రెండో రకంలో బరువు మూడు వేళ్లకు పంచుకుంటుంది. బంతి పెద్దది కాబట్టి సన్నటి కదలిక కూడా తేలిక.

కాబట్టి మా సలహా ఇది. ఇప్పటికే బొటనవేలి దగ్గర నొప్పి ఉన్నవాళ్లు మొదటి రకం జోలికి పోకండి. రోజంతా మ్యాపుల మీద గీతలు గీసేవాళ్లు రెండో రకం చూడండి. ఎడమచేతి వాటం వాళ్లకు, కుడిచెయ్యికి విశ్రాంతి ఇవ్వాలనుకునేవాళ్లకు కూడా రెండు వైపులా ఒకేలా ఉండే రెండో రకమే కుదురుతుంది, మొదటి రకంలో ఎక్కువ భాగం కుడిచెయ్యికే చేస్తారు. రోజుకు రెండు మూడు గంటలు వాడే చదువుకునే పిల్లలకు ఏదైనా ఫరవాలేదు.

అలవాటు పడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మొదటి వారం చిరాకు వస్తుంది. ముఖ్యంగా బటన్ నొక్కి పట్టుకుని బంతి తిప్పుతూ గీత లాగడం కష్టం. ఆ వారం ఆఫీసు టార్గెట్ మీద ప్రయోగం చేయకండి, ఎర్రర్లు పెరిగితే కోత మన జీతంలోనే. రాత్రి రూములో అరగంట, సెలవు రోజు గంట, అట్లా మొదలుపెట్టండి. బాణం వేగం సెట్టింగుల్లో కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోండి.

ఇంకో మాట. మౌస్‌ను పూర్తిగా వదిలేయకండి. దానికి రెండు కారణాలు. ఒకటి, రైల్వే, బ్యాంకు, ఎస్సెస్సీ ఆన్‌లైన్ పరీక్షలకు పోతే అక్కడ పెట్టేది మామూలు మౌసే. ఆ చెయ్యి అలవాటు పోకూడదు. రెండోది ఇంకా పెద్ద కారణం. కావడి మోసేవాడు ఒకే భుజం మీద ఊరు దాకా మోయడు, మధ్యలో భుజం మార్చుకుంటాడు. మనం కూడా అంతే. పొద్దున ట్రాక్‌బాల్, మధ్యాహ్నం మౌస్. కుదిరితే ఒకటి ఎడమచేతికి, ఒకటి కుడిచేతికి. ఏ పరికరం మంచిదని అడిగితే, మార్చి మార్చి వాడే రెండు పరికరాలు మంచివని మా జవాబు.

ఎన్నేళ్లు వస్తుంది?

ఇక మన్నిక సంగతి. పరికరాన్ని విప్పి చూస్తే అందులో పాడయ్యేవి నాలుగే.

మొదటిది బటన్ కింద ఉండే చిన్న స్విచ్. ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు పడడం మొదలైందంటే ఆ స్విచ్ అరిగిపోయిందని అర్థం. తయారీదారులు దానికి ఇన్ని క్లిక్‌లని చెబుతారు. చౌకవాటికి 10 లక్షలు, మంచివాటికి 1 కోటి, ఇంకా పైన కూడా ఉంటాయి. ఒక లెక్క వేద్దాం. రోజుకు 5,000 క్లిక్‌లు, నెలకు 25 రోజులు అనుకుంటే ఏడాదికి 15 లక్షలు. 10 లక్షల స్విచ్ ఎనిమిది నెలల్లో అయిపోతుంది. కోటి క్లిక్‌ల స్విచ్ ఆరేళ్లు దాటుతుంది. 400 రూపాయల మౌస్ ఎనిమిది నెలలకొకటి చొప్పున ఆరేళ్లలో తొమ్మిది కొనాలి, అంటే 3,600. మంచి ట్రాక్‌బాల్ ఒకటి దాదాపు అంతే పడుతుంది. ఖర్చు సమానమే. తేడా అంతా చేతిలోనే ఉంది. ఈ అంకెలు మేం వేసుకున్న అంచనా, మీ పనిని బట్టి మీరు వేసుకోండి. స్విచ్ పోయినంత మాత్రాన పరికరాన్ని పారేయాల్సిన పని కూడా లేదు. కోఠి గుజరాతీ గల్లీలో విడి స్విచ్‌లు దొరుకుతాయి. సోల్డరింగ్ తెలిసినవాళ్లు మార్చేస్తారు. మన ఐటీఐ తమ్ముళ్లకు ఇది అరగంట పని.

రెండోది బంతి కింద ఉండే మూడు చిన్న పూసలు. బంతి వాటి మీదే నిలబడి తిరుగుతుంది. కొన్నిట్లో ఉక్కువి, కొన్నిట్లో కృత్రిమ కెంపువి. దుమ్ము, చెమట, చర్మం పొట్టు వచ్చి ఆ పూసల చుట్టూ పేరుకుంటాయి. అప్పుడు బంతి పట్టేసినట్టు, తడబడినట్టు తిరుగుతుంది. చాలామంది ఇక్కడే "పాడైపోయింది" అని పక్కన పడేస్తారు. పాడవ్వలేదు, మురికి పట్టింది. నాచారం పారిశ్రామికవాడ దుమ్ములో వారానికి ఒకసారి తుడవాల్సిందే. చాలా మోడళ్లకు అడుగున రంధ్రం ఉంటుంది, పెన్సిల్ వెనక భాగంతో నెడితే బంతి బయటికి వస్తుంది. చెవిలో తిప్పుకునే దూది పుల్లతో మూడు పూసలు తుడవండి, బంతిని పొడి గుడ్డతో తుడవండి. రెండు నిమిషాల పని. నూనె మాత్రం వేయొద్దు. కొబ్బరినూనె చుక్క వేస్తే ఆ రోజు జారుతుంది, మర్నాటికి రెట్టింపు దుమ్ము పడుతుంది.

మూడోది పైన ఉండే మెత్తటి రబ్బరు పూత. కొన్ని మోడళ్లకు చెయ్యి మెత్తగా ఉండాలని పూస్తారు. వేడికి, ఉక్కకు, చెమటకు కొన్నేళ్లలో అది బంకబంకగా అవుతుంది. మన వాతావరణానికి, రేకుల కప్పు రూములకు మామూలు గట్టి ప్లాస్టిక్‌దే మేలు. షాపులో మెత్తగా తగిలేది ఎక్కువ రోజులు ఉంటుందని అనుకోకండి.

నాలుగోది బ్యాటరీ. లోపల బిగించిన రీచార్జి బ్యాటరీ అయితే కొన్నేళ్లకు బలం తగ్గుతుంది, మార్చడం కష్టం. కిరాణా కొట్లో దొరికే పెన్సిల్ సెల్ వేసుకునేది అయితే ఆ బాధ లేదు. వైరు ఉన్నది అయితే అసలు ఆ ప్రశ్నే లేదు. మన పనికి వైరుదే మంచిదని మా అభిప్రాయం.

ఇవి కాక ఒకే ఒక్క ప్రమాదం ఉంది. బంతి పోగొట్టుకుంటే పరికరం మొత్తం దండగ. రూముకు వచ్చే చిన్నపిల్లలకు అది గోలీలా కనిపిస్తుంది. జాగ్రత్త.

మన ఇళ్లల్లో గొడ్డలి ఎట్లా నిలుస్తుందో మీకు తెలుసు. కామ విరిగితే కామ మారుస్తారు, పదును పోతే సాన పెడతారు, గొడ్డలిని పారేయరు. తాత వాడిన గొడ్డలి మనవడి చేతికి వచ్చిన ఇళ్లు మనలో ఎన్ని లేవు? విప్పి, తుడిచి, ముక్క మార్చి మళ్లీ వాడుకోగలిగిన పనిముట్టునే పనిముట్టు అంటారు. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి ఆ బుద్ధిని ఊర్లోనే వదిలేసి రావాల్సిన అవసరం ఏముంది?

"టార్గెట్ తగ్గించకుండా బంతి మారిస్తే ఏం లాభం?"

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. గ్రూపులో యూనియన్ మాటలు మాట్లాడే అన్నలు ముందే అంటారు, "కంపెనీ చేయాల్సిన ఖర్చు మన జేబులోంచి పెట్టమంటారా?" అని. ఆ మాటలో నిజం ఉంది. నొప్పికి మూలం పరికరం ఒక్కటే కాదు, ఆగకుండా పరిగెత్తించే టార్గెట్ కూడా. యూరప్ దేశాల్లో 1990లోనే తెర ముందు పని గురించి ఒక ఆదేశం తెచ్చారు. పని మధ్యలో ఎప్పటికప్పుడు విరామమో, పని మార్పో ఇచ్చేలా యజమానే ఏర్పాటు చేయాలని అందులో ఉంది. ఆ మాట మనం కూడా మన టీమ్ లీడర్ల ముందు, హెచ్‌ఆర్ ముందు అనాలి. ఒక్కరే అడిగితే "నీకు కుదరకపోతే మానేయ్" అంటారు. ఐదుగురు కలిసి రాతపూర్వకంగా అడిగితే అట్లా అనడం కష్టం. విరామంతో పాటు, కీబోర్డుకు పక్కన కాకుండా దగ్గరగా పెట్టుకునే పరికరం ఇవ్వమని కూడా అడగొచ్చు. సొంతది తెచ్చుకోవాలంటే ముందు అనుమతి తీసుకోండి, కొన్ని ఆఫీసుల్లో బయటి పరికరాలు కంప్యూటర్‌కు తగిలించనివ్వరు.

అయితే వాళ్లు ఇచ్చేదాకా చెయ్యి ఆగదు. హక్కు అడుగుతూనే చేతిని కాపాడుకోవాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కావు.

ఇంకో ముఖ్యమైన సంగతి చాలామంది మరిచిపోతున్నారు. జీతం స్లిప్పులో ఈఎస్‌ఐ అని కోత పడుతోందా చూసుకోండి. 2017 జనవరిలో దాని వేతన పరిమితిని నెలకు 21,000 రూపాయలకు పెంచారు. 2019 జూలై నుంచి ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఆ కోత ఉంటే వైద్యం మీ హక్కు. నాచారంలోనే ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కడం, రాత్రిపూట నొప్పికి మెలకువ రావడం, చేతిలోంచి గ్లాసు జారిపోవడం, ఇట్లాంటివి ఉంటే ట్రాక్‌బాల్ కోసం వెతకడం ఆపి ముందు డాక్టరు దగ్గరికి పోండి. ఏం పని చేస్తున్నారో, రోజుకు ఎన్ని గంటలో డాక్టరుకు చెప్పండి, చీటీలో రాయించుకోండి. నొప్పి గోలీ వేసుకుని టార్గెట్ పూర్తి చేయడం ధైర్యం కాదు.

మా ప్రతిపాదన

పదిహేను మంది తలా 600 రూపాయలు వేస్తే 9,000 అవుతుంది. ధరలు మారుతుంటాయి గానీ ఆ డబ్బుతో రెండు వస్తాయి. బొటనవేలి రకం ఒకటి, రెండు చేతులకూ కుదిరే నాలుగు వేళ్ల రకం ఒకటి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ షాపులు తిరిగి చూద్దాం, ఆన్‌లైన్ ధర కూడా చూద్దాం, ఎక్కడ తక్కువైతే అక్కడ. వారంటీ ఎన్నేళ్లుందో బిల్లు మీద చూసుకుని, ఆ బిల్లు గ్రూపు పేరున భద్రంగా ఉంచుదాం.

ఒక్కొక్కరికి నాలుగు వారాలు. వారం కన్నా తక్కువ వాడి బాగుందనో బాలేదనో చెప్పొద్దు. ఇప్పటికే నొప్పి మొదలైనవాళ్లకు మొదటి వంతు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు తర్వాతి వంతు. డబ్బు వేయలేనివాళ్లకు కూడా వంతు ఉండాలి. తీసుకున్నవాళ్లు ఆదివారం ఆదివారం తుడవాలి, తర్వాతివాళ్లకు బంతితో సహా లెక్కగా అప్పగించాలి. వాడాక నాలుగు విషయాలు గ్రూపులో రాయాలి. ఏ పని చేశారు, రోజుకు ఎన్ని గంటలు, నొప్పి ఎక్కడ తగ్గింది, ఎక్కడ కొత్తగా మొదలైంది. ఏడాది తిరిగేసరికి మన చేతుల గురించి మన దగ్గరే ఒక పుస్తకం తయారవుతుంది. రేపు ఏ ఆఫీసులోనైనా విరామం కావాలని కలిసి అడగాల్సి వస్తే ఆ రాతలే మన సాక్ష్యం.

కుదిరినవాళ్లు సొంతంగా కొనుక్కోండి, నచ్చకపోతే మానేయండి, ఎవరి బలవంతం లేదు. కానీ నొప్పిని మాత్రం దాచుకోకండి. ఇంట్లో మొదటి డిగ్రీ మనది, మొదటి నెలజీతం మనది. ఆ చెయ్యి మీద తమ్ముడి ఫీజు, అమ్మ మందులు, ఊర్లో అప్పు అన్నీ ఆధారపడి ఉన్నాయి.

వంతు కావాల్సినవాళ్లు, 600 వేయగలిగినవాళ్లు ఈ వారంలోగా కింద పేరు రాయండి. స్విచ్ మార్చడం వచ్చిన ఐటీఐ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరున్నారో వాళ్లూ చెప్పండి. మా మాటతో ఒప్పుకోనివాళ్లు కూడా రాయండి, చర్చ చేద్దాం.

ఉంటాం. చెయ్యి జాగ్రత్త.